మీనాంకిత సువర్ణనాణెములు

పాణిని "రూప్య" శబ్దమును రెండర్థములయందు సాధించెను: రూపము కొట్టఁబడినది యని యొకటి, రూపము ప్రశంసనీయమైనది యని వేఱొకటి. కాశికావృత్తికారులు మొదటిదానికి దీనారకార్షాపణముల నుదాహరించి, తాడనముచే లోహమునఁ బుట్టిన యాకృతియే యాహతరూపమని వివరించిరి. వైయాకరణుఁ డంతటితో నిలుచును. ఆ రూపమేది, యేల కొట్టఁబడెననుట చరిత్రకారుని పని.

మర్మరాసముద్రపు దక్షిణతీరమున, నేఁటి తుర్కీదేశమునందు, కిజికస్ అను గ్రీకుపట్టణ ముండెడిది. క్రీస్తునకుఁ బూర్వము 6వ శతాబ్దము మొదలు 4వ శతాబ్దము దాఁక నచ్చటి టంకశాల, బంగారము వెండి కలిసిన ఎలెక్ట్రమ్ అను లోహముతో సుమారు 16 గ్రాముల నాణెములను వేయుచుండెను. వానిపై సింహము, దేవత, వీరుఁడు మున్నగు బొమ్మల భేదములు రెండువందలకు మించి కనఁబడుచున్నవి. బొమ్మ యెన్నివిధముల మాఱినను, దాని చెంతనో క్రిందనో ట్యూనాచేఁప మాత్రము తప్పదు. అదియే పట్టణచిహ్నము. నల్లసముద్రమునకు వలసపోయి మరలివచ్చు నా చేఁపల గుంపులకు మర్మరాయే దారి. పట్టణమున కవి యేటేటి పంట. మన పాండ్యుల మీనలాంఛనము రాజవంశమునకుఁ జెందినది, ఇది జీవనమునకుఁ జెందినది. రెంటి నొక్కటిగాఁ దలఁపరాదు. ఈ నాణెముల ప్రతిష్ఠ యెంతటిదనఁగా, సైనికులకు నెల కొక కిజికస్ నాణెము జీతముగా నిత్తుమన్న సందర్భమును జెనొఫన్ తన దండయాత్రావృత్తాంతమున వ్రాసియున్నాఁడు. నాణెములు నేఁడును వస్తుప్రదర్శనశాలలలో నున్నవి. నల్లసముద్రమునఁ బెద్దజాతి ట్యూనా 20వ శతాబ్దాంతమునకుఁ గనుమఱుఁగయ్యెను. అధికమైన వేఁటయు జలకాలుష్యమును గారణములని శాస్త్రజ్ఞు లందురు.

అట్టి నష్టము తెలిసివచ్చిన కాలమున జంతురూపము వేఱొక యభిప్రాయముతో నాణెముల నెక్కినది. ప్రపంచ వన్యప్రాణినిధి పక్షమున 1974లో మొదలైన సంరక్షణనాణెములలోఁ గోస్టారికా దేశము పచ్చతాఁబేటిని, మానటీ యను నీటిజంతువును వెండిపై వేసి, బంగారముపైఁ జీమలను దిను నేలజంతువును నిలిపెను. సముద్రజీవుల కక్కడ బంగారము దక్కలేదు.

పసిఫిక్ ద్వీపదేశమైన పలావు 1992లో సముద్రజీవసంరక్షణ మను పేర నాణెముల శ్రేణి నారంభించెను. అందుఁ జిన్న బంగారునాణెములును గలవు. ఆ దేశపు వ్యవహారధనము అమెరికా డాలరు. కావున నివి యంగడికిఁ బోవు, సేకర్తల పెట్టెలకుఁ బోవును. కిజికస్ చేఁప యాహతార్థమునకుఁ జెల్లినచో, ఇవి ప్రశంసార్థమునకే చెల్లును. ప్రశంసచేతనే చేఁప బ్రదుకదని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము యుక్తమే. కాని పలావు ప్రశంసతో నిలువలేదు. 2009లోఁ దన జలములను సొఱచేఁపలకు అభయస్థానముగాఁ బ్రకటించెను. తన సముద్రమండలమున నూటికి 80 పాళ్ల మేరఁ జేఁపలవేఁటను నిషేధించు శాసనమును 2020 జనవరి 1 నుండి యమలుపఱచెను.