యంగ్ లైవ్స్ అధ్యయనం (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్)

బాలల పేదరికం, చదువులపై ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిస్తున్న దీర్ఘకాల అధ్యయనం. భారత్, ఇథియోపియా, పెరూ, వియత్నాంలలో దాదాపు 12,000 మంది పిల్లలతో 2002లో మొదలైంది. మన దేశంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లలున్నారు. తెలంగాణ నుంచి హైదరాబాద్, కరీంనగర్‌తో పాటు వలసల జిల్లా మహబూబ్‌నగర్ చేరింది. హైదరాబాద్‌లో 1980లో ఏర్పడిన ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) పరిశోధనలో భాగస్వామి.

కొన్నేళ్లకోసారి అవే ఇళ్లకు మళ్లీ వెళ్లి ఎత్తు, బరువు, లెక్కలు, చదివే నేర్పు కొలవడం దీని పద్ధతి. కరువు దాటాక పిల్లవాడు ఏమయ్యాడో ఒక్కసారి చేసే సర్వే చెప్పలేదు. ఈ సమాచారంతోనే అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ఒక వ్యాసం ప్రచురించారు. కరువు చిన్నపిల్లల ఎదుగుదలను దెబ్బతీసిన చోట బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ఆ నష్టాన్ని పూడ్చిందని అందులో చూపారు. పథకం ఖర్చుపై వాదించేవారు ముందు చదవాల్సిన వ్యాసమిది.

ఈ అధ్యయనంలోని ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లేవారు 2002లో 24 శాతం, 2009లో 44 శాతం. అయితే నమూనాను పేద ప్రాంతాల వైపు మొగ్గేలా తీసుకున్నారు కనుక ఈ అంకెలను రాష్ట్రమంతటికీ వర్తింపజేయడం కుదరదు.