మారియన్ కడుపులో గుద్దు

‘డబుల్ డ్రాగన్’ అనే వీడియో గేమ్ ఇలా మొదలవుతుంది. వీధిలో ఒకమ్మాయి ఒంటరిగా నిలబడి ఉంటుంది. పేరు మారియన్. కొందరు మగవాళ్లు వచ్చి ఆమెను చుట్టుముడతారు. ఒకడు కడుపులో గుద్దుతాడు. ఆమె రెండుగా వంగిపోతుంది. వాడు ఆమెను బస్తాలా భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. అప్పుడు గ్యారేజీ షట్టర్ పైకి లేస్తుంది, హీరో బయటికి వస్తాడు. ఇదంతా కొన్ని సెకన్లు. ఆ తర్వాత ఆట.

తొంభైల నడుమ గోదావరిఖనిలో, మా టీ-2 క్వార్టర్లో, మా అన్న వెనక కూర్చుని ఈ కొన్ని సెకన్లు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అప్పట్లో అది ఆటలో భాగమని కూడా నాకు అనిపించలేదు. సినిమాకు ముందు పేర్లు పడినట్టు, అది పడేది, అంతే. చాలా ఏళ్ల తర్వాత ఈ ఆట ఏయే యంత్రాల మీదికి ఎలా వెళ్లిందో చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక విషయం నన్ను పట్టుకుంది. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మారినప్పుడల్లా ఈ ఆటలోంచి ఏదో ఒకటి జారిపోయింది. నేను చూసిన రూపాల్లో ఆ గుద్దు మాత్రం జారిపోలేదు. ఎందుకు పోలేదు అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

చరిత్ర కొంత చెప్పుకోవాలి. 1986లో టెక్నోస్ జపాన్ అనే కంపెనీ ‘నెక్కెత్సు కోహా కునియో-కున్’ అనే ఆట తెచ్చింది. దాని దర్శకుడు యోషిహిసా కిషిమోతో. తన కుర్రతనపు కొట్లాటల నుంచే అది పుట్టిందని ఆయన చెప్పుకున్నాడు. అందులో కునియో అనే బడి కుర్రాడు, రౌడీ ముఠాల చేతిలో దెబ్బలు తినే తన స్నేహితుడు హిరోషీ కోసం కొట్లాడతాడు. ఈ ఆటను ‘రెనెగేడ్’ పేరుతో పాశ్చాత్య దేశాలకు పంపినప్పుడు బొమ్మలు మార్చారు, వీధులు మార్చారు, కథా మార్చారు. స్నేహితుడి స్థానంలోకి ముఠాలు ఎత్తుకెళ్లిన ఒక ఆడమనిషి వచ్చింది. మగవాడు మగవాడి కోసం కొట్లాడితే అక్కడి వాళ్లకు అర్థం కాదనుకున్నారో, ఆడమనిషిని ఎత్తుకెళ్లడం ఏ దేశంలోనైనా అనువాదం అక్కర్లేకుండా అర్థమవుతుందనుకున్నారో! 1987లో అదే దర్శకుడు చేసిన ‘డబుల్ డ్రాగన్’ ఆ మారిన కథనే తీసుకుంది.

ఆర్కేడ్ అంటే నాణెం వేసి ఆడే నిలువెత్తు యంత్రాల చోటు. ‘డబుల్ డ్రాగన్’ ప్రత్యేకత, ఇద్దరు ఒకేసారి పక్కపక్కన నిలబడి ఆడగలగడం. బిల్లీ, జిమ్మీ అనే అన్నదమ్ములు మారియన్ కోసం బయల్దేరతారు. దారిలో అడ్డొచ్చిన వాళ్లను జుట్టు పట్టి మోకాలితో పొడుస్తారు, మోచేత్తో కొడతారు, కింద పడిన బ్యాట్లూ కొరడాలూ అందుకుంటారు. శత్రువుల్లో లిండా అనే ఆడమనిషి ఉంది, చేతిలో కొరడాతో. చివర్లో మెషిన్ గన్ పట్టుకున్న విల్లీ. వాడు పడిపోయాక, ఇద్దరు ఆటగాళ్లూ బతికి ఉంటే, ఆట ఆగదు. మారియన్ ఎవరికి చెందాలన్న దాని మీద అన్నదమ్ములు ఒకరినొకరు కొట్టుకోవాలి. మన వాళ్లకు ఇది కొత్త కథేం కాదు. ఎత్తుకుపోయిన సీత కోసం బయల్దేరిన అన్నదమ్ములూ తెలుసు, భార్య విషయంలో తగువుపడిన వాలి సుగ్రీవులూ తెలుసు, అడ్డొస్తే ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖా తెలుసు. ఆ అన్నదమ్ముల కొట్లాట జరుగుతున్నంతసేపూ మారియన్ పక్కనే ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

ఈ ఆట ఇళ్లల్లోకి రావడం 1988లో మొదలైంది. ఆర్కేడ్ యంత్రంతో పోలిస్తే ఇంట్లో ఆడుకునే యంత్రాలు బీదవి. నింటెండో ఫ్యామికామ్‌కు పనిచేసే జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. తెర మీద ఒక అడ్డగీతలో కదిలే బొమ్మ ముక్కలు ఎనిమిదికి మించితే మిగతావి కనిపించకుండా పోతాయి. అందుకని టెక్నోస్ వాళ్లే కోతలు పెట్టుకున్నారు. ఒకేసారి ఇద్దరు కలిసి ఆడటం తీసేశారు. తెర మీద ఒకసారికి ఇద్దరు శత్రువులకు మించి రారు. మొదట్లోనే అన్ని దెబ్బలూ కొట్టలేం, అనుభవం పెరిగిన కొద్దీ ఒక్కొక్కటే వస్తాయి. సెగా మాస్టర్ సిస్టమ్ రూపంలో ఇద్దరు కలిసి ఆడటం మిగిలింది కానీ బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. కమొడోర్ 64 మీద ఒక్కో మనిషిని రెండు ముక్కలుగా గీయాల్సి వచ్చి, నడుము దగ్గర చీలిక కనిపించేది. 1989లో అటారీ 2600కూ తెచ్చారు. దానికున్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈ పేరా రాయడానికే అది చాలదు.

మా ఊరికి వచ్చింది మాత్రం ఫ్యామికామ్ రూపమే. నింటెండో పేరు మాకెవరికీ తెలియదు. దాన్ని చూసి ఇతరులు తయారుచేసిన నకలు యంత్రాలు మన దగ్గరికొచ్చాయి. యంత్రం పేరు ‘వీడియో గేమ్’, అందులో పెట్టేది ‘క్యాసెట్’. బజార్లో ఒక గదిలో నాలుగు టీవీలు పెట్టి గంటకింత అని ఆడించేవాళ్లు. బడి నుంచి మగపిల్లలు నేరుగా అక్కడికే పోయేవాళ్లు. ఆడపిల్ల ఆ గది గడప తొక్కడమన్న ఊహే లేదు. తొక్కొద్దని ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పాల్సిన అవసరం రాలేదు. కాబట్టి ఆట ఇంటికి వచ్చిందంటే నాలాంటి వాళ్లకు అది మొదటిసారి అందుబాటులోకి వచ్చిందని అనుకోవాలి. నిజంగా వచ్చిందా?

బాపు బోనస్ డబ్బుల్లోంచి ఆ యంత్రం కొన్నారు. దానికి రెండు రిమోట్లు. మొదటిది అన్నది. రెండోది నాది, పేరుకు. ఇంటి రూపంలో ఇద్దరు కలిసి ఆడటం తీసేశారని చెప్పాను కదా. అంటే మొదటి ఆటగాడు చచ్చేదాకా రెండో ఆటగాడు కూర్చోవాలి. మా అన్న బాగా ఆడేవాడు, తొందరగా చచ్చేవాడు కాదు. నేను రిమోట్ ఒళ్లో పెట్టుకుని అతను చావాలని ఎదురుచూసేదాన్ని. నా వంతు వచ్చేసరికి అమ్మ వంటింట్లోంచి పిలిచేది. నింటెండో జ్ఞాపకశక్తి చాలకపోవడమూ, మా ఇంట్లో పని పంపకమూ ఒకదానికొకటి ఎంత చక్కగా కుదిరాయో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రూపంలో ఇంకో మార్పు కూడా ఉంది. పక్కన నడవాల్సిన సోదరుడు జిమ్మీ, విల్లీ చచ్చాక, అసలు ముఠా నాయకుడిగా బయటపడతాడు. తోడు నడవడానికి చోటు చాలని జిమ్మీకి శత్రువుగా చోటు దొరికింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తికాదు. సింగరేణి క్వార్టర్లలో రోజు షిఫ్టుల మీద నడుస్తుంది. బాపు నైట్ షిఫ్ట్ దిగి పొద్దున పడుకుంటే ఇంట్లో చెంచా కింద పడకూడదు. సెలవు రోజుల్లో మేం టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి ఆడేవాళ్లం. మారియన్‌ను గుద్దేటప్పుడు చప్పుడు రాదు, అరుపు రాదు, వంగిపోవడమే కనిపించేది. క్వార్టర్ల గోడలు పలచన. పక్క క్వార్టర్లో, మేం అత్తా అని పిలిచే ఆమె ఉండేది. జీతం రోజుల్లో, సెకండ్ షిఫ్ట్ దిగి ఆమె భర్త వచ్చాక, గోడ అవతల నుంచి చప్పుళ్లు వచ్చేవి. అలాంటి రాత్రుల్లో మేం ఇంకా ఆడుతూ ఉంటే అమ్మే వచ్చి టీవీ సౌండ్ పెంచేది. అప్పుడు బిల్లీ గుద్దులు గదంతా వినిపించేవి. ఏ గుద్దు ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోయేది.

దేన్ని తీసేయాలో యంత్రం నిర్ణయించలేదు, మనుషులు నిర్ణయించారు. చోటు చాలదన్నది నిజమే. కానీ చోటు చాలనప్పుడు ఏది అక్కర్లేదనుకున్నామన్నది వేరే ప్రశ్న. మారియన్ బొమ్మకు పెద్దగా చోటు అక్కర్లేదు. నిలబడటం, వంగిపోవడం, భుజాన వేలాడటం, అంతే. ఆమెకు తిరిగి కొట్టే చేయి గీయాలంటే ఇంకొన్ని బొమ్మలు కావాలి. ఆ కాస్త చోటు తర్వాతి భాగంలోనూ ఆమెకు దొరకలేదు. 1988 ఆర్కేడ్ ‘డబుల్ డ్రాగన్ 2’ మొదట్లోనే ఆమెను తుపాకితో కాల్చి చంపేస్తారు. ఆటకు కారణం కావడానికి ఈసారి ఆమె శవం చాలింది. నింటెండో రూపంలో ఇద్దరు కలిసి ఆడటం తిరిగొచ్చింది. అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో గెలిస్తే మారియన్ కూడా బతికొస్తుంది, బహుమతిగా.

ఇలాంటి ఇంకో ఆట కథ పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. క్యాప్‌కామ్ వారి ‘ఫైనల్ ఫైట్’ 1989లో వచ్చింది. నగర మేయర్ హ్యాగర్ కూతురు జెస్సికాను ముఠా ఎత్తుకెళ్తుంది. దాన్ని సూపర్ నింటెండోకు తెచ్చినప్పుడు గై అనే హీరోనూ, ఇద్దరు కలిసి ఆడటాన్నీ తీసేశారు. అమెరికా రూపంలో ఇంకో మార్పు చేశారు. హీరోలతో కొట్లాడే పాయిజన్, రాక్సీ అనే ఆడవాళ్లను తొలగించి మగవాళ్లను పెట్టారు. ఆడవాళ్లను కొట్టినట్టు చూపించడం బాగుండదని. కానీ జెస్సికాను ఎత్తుకెళ్లడం అలాగే ఉంది. అంటే ఆడమనిషి కొట్లాడుతూ దెబ్బ తింటే అసభ్యం, కొట్లాడకుండా ఎత్తుకుపోబడితే కథ. జపాన్‌లోనేమో పాయిజన్ స్త్రీ కాదు, ట్రాన్స్ మనిషి అన్నారు. ఆ శరీరాన్ని కొడితే తప్పులేదన్నట్టు! హింసను తగ్గించే పేరుతో జరిగిన ఈ సవరణల్లో ఎవరి శరీరం కొట్టదగింది అన్న జాబితా తప్ప మరేమీ మారలేదు.

చోటు చాలదు, వీలు కాదు అనే మాట బొగ్గుబాయి ఊళ్లో పెరిగిన దానికి కొత్త కాదు. బాయి పని ఆడోళ్లకు కాదు అనడం మా దగ్గర సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలు. చరిత్ర అంత మామూలుగా లేదు. బ్రిటిష్ ఇండియాలో భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. 1929 నిబంధనలతో వాళ్లను క్రమంగా తప్పించడం మొదలై, 1937కల్లా పూర్తి నిషేధం వచ్చింది. వాళ్ల రక్షణ కోసమే అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు చాలకపోయేసరికి 1943లో అదే నిషేధాన్ని ఎత్తేశారు. యుద్ధం అయిపోయాక 1946లో తిరిగి పెట్టారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ దాన్నే కొనసాగించింది. 2019 జనవరిలో కేంద్రం కొన్ని షరతులతో, పగటిపూట, సాంకేతిక, పర్యవేక్షక, మేనేజ్‌మెంట్ పనులకు ఆడవాళ్లను భూగర్భంలోకి అనుమతించింది. ఈ తొంభై ఏళ్లలో ఆడవాళ్ల ఒళ్లు మారలేదు. అవసరం వచ్చినప్పుడు వీలైంది, అవసరం తీరాక వీలుకాలేదు.

మారియన్ విషయంలోనూ ఇదే. 1994లో అమెరికాలో తీసిన ‘డబుల్ డ్రాగన్’ సినిమాలో ఆమె ముఠాలను ఎదిరించే దళానికి నాయకురాలు. అంటే ఊహించడం ఎవరికీ అసాధ్యం కాలేదు. అయినా 2012లో, జ్ఞాపకశక్తికి కరువే లేని యంత్రాల మీద, ‘డబుల్ డ్రాగన్ నియాన్’ మళ్లీ ఆ గుద్దుతోనే మొదలైంది. చివర్లో మాత్రం ఆమె విలన్‌ను ఒక్క దెబ్బ కొడుతుంది. 2013లో అనితా సర్కీసియన్ అనే స్త్రీవాద విమర్శకురాలు, ఆటల్లో ఆపదలో పడిన ఆడవాళ్ల గురించి చేసిన వీడియో వ్యాసంలో ఈ ఆటను ఉదాహరణగా చూపింది. ఆ వ్యాసాలు చేస్తానని ప్రకటించిన 2012లోనే ఒకడు, ఆమె ముఖం మీద క్లిక్ చేసినకొద్దీ గాయాలు పడే ఆట తయారుచేశాడు. 2014 అక్టోబర్‌లో అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో ఆమె మాట్లాడితే కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చి, ఆమె ఉపన్యాసం రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ గుద్దును వేలెత్తి చూపినందుకు వచ్చిన జవాబు కూడా గుద్దే.

2023లో వచ్చిన ‘డబుల్ డ్రాగన్ గైడెన్’లో మారియన్‌ను ఎంచుకుని ఆడొచ్చు. తుపాకి పట్టుకుని తన దారిన తాను నడుస్తుంది. మొదటి ఆట వచ్చిన 36 ఏళ్లకు. సీతను శూర్పణఖతో, అహల్యతో మాట్లాడించిన ఓల్గా ‘విముక్త’ కథలు చదివిన మనకు, పాత కథలో ఆడమనిషిని కదిలించడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదని తెలుసు. కాగితం, కలం చాలు. చేతిలో తుపాకి పెట్టడమే విముక్తి అని కూడా నేను అనను. కానీ ఆమె ఎవరి వంతు కోసమూ కూర్చోనక్కర్లేదన్నది చిన్న విషయం కాదు.

ఈ వ్యాసం రాస్తూ అమ్మను అడిగాను, ఆ రోజుల్లో టీవీ సౌండ్ ఎందుకు పెంచేదానివని. ‘పిల్లలు బెదురుతరని’ అన్నది. అత్త వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లి చాలా కాలమైంది, ఎక్కడున్నారో తెలియదు. అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత తనే అన్నది, ‘ఒక్కపారన్న పోయి ఆ తలుపు కొట్టాల్సుండె.’