రెండేళ్ల గీత

కాక్లియర్ ఇంప్లాంట్ చరిత్ర రాసేవాళ్లు 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరీస్ చేసిన ప్రయోగంతో మొదలుపెట్టి, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ చేసిన ఆపరేషన్ దగ్గర కాసేపు ఆగుతారు. క్లార్క్ తండ్రి చెవులు సరిగా వినపడని మందుల షాపాయన. ఎలక్ట్రోడ్ల లెక్కలకన్నా నాకు ఆ సంగతే గుర్తుండిపోయింది. అమెరికాలో పిల్లలకు అనుమతి వచ్చింది 1990లో. మా కర్నూలు, కడప పల్లెలకు మాత్రం ఈ చరిత్ర తెల్ల రేషన్ కార్డు పట్టుకుని వచ్చింది.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది, అందులో మా పక్క అనంతపురం ఒకటి. శెనక్కాయ పంట మీద బతికే ఇంట్లో ఆరున్నర లక్షలనే అంకె పలకడానికే నోరు రాదు. అంత ఖర్చయ్యే ఈ చికిత్సనూ పథకంలో చేర్చారు. మొదట్లో 12 ఏళ్ల లోపు పిల్లలకూ చేశారు. తర్వాత పుట్టుచెవుడైతే రెండేళ్ల లోపే అని గీత గీశారు.

గీత వెనక సైన్సు లేకపోలేదు. శబ్దం చేరని మెదడు భాగం ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు, వేరే పనుల్లో పడుతుంది. కానీ పుట్టగానే వినికిడి పరీక్ష చేయని చోట రెండేళ్లకు చెవుడు కనిపెట్టేదెవరు? "వాళ్ల నాయనకూ నాలుగేండ్లకు గానీ మాటలు రాలేదు" అని అవ్వలు ధైర్యం చెప్తారు. నాకూ చెప్పారు. మాదీ మేనరికమే. పుట్టుచెవుడుకు కారణమయ్యే కనెక్సిన్ 26 జన్యువు సంగతి 1997లోనే బయటపడింది. తల్లిదండ్రులిద్దరిలో చెరో లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. పెళ్లి మాటల్లో ఈ లెక్క ఎవరు తీస్తారు?

మావాడు గీతకు రెండు నెలలు ఇవతల ఉన్నాడు. థెరపీలో మా పక్కన కూర్చునే జమ్మలమడుగు వైపు పాప అవతల పడింది, వాళ్లు పొలం అమ్మారు.

ఆపరేషన్ రెండు మూడు గంటల పని. అసలు చాకిరీ తర్వాతే. పొద్దున్నే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనాలి. ఒక్కదానికి పలక్కపోయినా మిషన్ చూసుకోవాలి. వైరు తెగితే మన డబ్బే.

థెరపీలో "ఎక్కడికి" అని నేర్పుతారు. ఇంట్లో అలాగే మాట్లాడమన్నారు. మా అవ్వ వింటుందా? మొన్న నేను చెప్పులేసుకుంటుంటే వాడు అడిగాడు: "యాడికి?"