క్రాఫ్ట్ పీరియడ్ నుంచి కరెంటు గిటార్ దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన సంఘం వారు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ హెడ్మాస్టారి గురించో లెక్కల మాస్టారి గురించో రాద్దామనుకున్నాను. వారి గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. క్రాఫ్ట్ మాస్టారి గురించి ఎవరూ రాయకపోవచ్చు. అందుకే ఆయన నేర్పిన నాలుగు ముక్కలూ, వాటితో నేను అరవయ్యో ఏట ఒక ఎలక్ట్రిక్ గిటార్ తయారుచేసిన సంగతీ, ఆ వాయిద్యం చరిత్రతో కలిపి చెబుతాను.

1974లో నేను తొమ్మిదో తరగతి. సైకిల్ షెడ్డు వెనక రేకుల పాకలో వారానికి రెండు క్రాఫ్ట్ పీరియడ్లు. మార్కులు కలవవు కనుక ఎవరమూ పట్టించుకునేవాళ్లం కాదు. మాస్టారు కర్రముక్క చేతికిచ్చి, "ముందు వాసన చూడరా, తర్వాత రంపం పట్టుదువు గాని" అనేవారు. మేం చాటుకెళ్లి నవ్వుకునేవాళ్లం.

ఉద్యోగ విరమణ అయ్యాక మనవరాలు ఎలక్ట్రిక్ గిటార్ కావాలంది. కొనిస్తే సరిపోయేది. నేనే చేసిస్తానన్నాను. ఏ కర్రతో చెయ్యాలన్న ప్రశ్న నన్ను చరిత్రలోకి తీసుకెళ్లింది.

మనకు తెలిసిన తీగ వాయిద్యం వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగ కదలిక గుర్రం మీదుగా కుండలోకి దిగి, అక్కడి కర్రనీ గాలినీ కదిలిస్తుంది. కర్ర మోగాలి కనుకే పనసను అంత చూసి ఎంచుకుంటారు.

ఎలక్ట్రిక్ గిటార్ దారి వేరు. ఉక్కు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. దాన్ని పికప్ అంటారు. తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. డొల్ల పెట్టె అక్కర్లేదు. పైగా స్పీకర్ శబ్దానికి ఆ పెట్టే కదిలి ఊళ పెడుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో వచ్చిన రికెన్‌బాకర్ 'ఫ్రైయింగ్ పాన్'కి అసలు కర్రే లేదు, పోత పోసిన అల్యూమినియం. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు నాలుగంగుళాల పైన్ దూలానికి పికప్‌లు బిగించాడు. చూడ్డానికి గిటార్‌లా ఉండాలని ఒక పాత గిటార్‌ని నిలువునా కోసి రెండు చెక్కలూ అటూ ఇటూ అతికించాడు. దాని పేరే 'లాగ్', అంటే దుంగ. గిబ్సన్ కంపెనీ అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు. 1952లో మాత్రం మహాగని మీద మేపుల్ పలక వేసి, అతని పేరుతోనే గిటార్ తెచ్చింది.

ఆ మధ్యలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ రంగంలోకి దిగాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. తొలి నమూనాలకు పైన్ వాడాడు, 1950లో అమ్మకానికి వచ్చేసరికి యాష్ కర్ర. మేపుల్ నెక్‌ని నాలుగు స్క్రూలతో బిగించాడు, పాడైతే విప్పి మార్చుకోవచ్చు. 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్‌కి మారాడు. ఆ కర్ర దొరికేది, సన్నని రంధ్రాలది కనుక రంగు సులువుగా పట్టేది. ఈరోజు వాద్యకారులు ఫలానా కర్రకు ఫలానా నాదమని వాదించుకుంటారు. ఆ కర్రలు వచ్చిన దారి మాత్రం ఎక్కువగా డిపోలో దొరికిన సరుకు, పనివాడి సౌలభ్యం.

నాకు ధైర్యమిచ్చింది ఒక బడి పిల్లాడి కథ. 1963లో లండన్ దగ్గర బ్రయాన్ మే అనే 16 ఏళ్ల కుర్రాడికి మంచి గిటార్ కొనే స్తోమత లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు. పాత చలిమంట గూడు మహాగని నెక్ అయింది, దాని పురుగు రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చాడు. పాత ఓక్ బల్ల చెక్క బాడీలోకి వెళ్లింది. స్ప్రింగులు పాత మోటార్‌సైకిల్‌వి, ట్రెమొలో చేతి కొసన అమ్మ అల్లిక సూది ముక్క. ఖర్చు 8 పౌండ్లు. క్వీన్ బృందంలో ఎక్కువగా ఆ గిటారే వాయించాడు. 2002లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ రాజభవనం పైకప్పెక్కి వాయించిందీ దాంతోనే.

ఇక నా గిటార్. బాడీకి పనస తీసుకున్నాను, వీణ మీద గౌరవంతో. నెక్‌కి టేకు కోసం ఒక టింబర్ డిపోకి వెళ్తే, బాగా ఆరిన కర్రేనని ఇచ్చారు. వాసన చూడలేదు. చిత్రిక పట్టి, సాపు చేసి, మురిసిపోయాను. నెల తిరక్కుండానే అది పాములా మెలి తిరిగింది. ఆ రాత్రి మాస్టారి మాట గుర్తొచ్చింది: "కర్ర ఆరకముందు నువ్వు కోస్తే, కోశాక అది ఆరుతుంది. అప్పుడిక నీ మాట వినదు."

రెండో నెక్ మా ఊళ్లో పడగొట్టిన ఇంటి ద్వారబంధం టేకుతో చేశాను. ఎన్నో వేసవులు చూసిన కర్ర, ఇంకెక్కడా కదల్లేదు. మెట్లు కూర్చునే పలకకు నాయనమ్మ మంచం పట్టె, జిట్రేగి. మన రోజ్‌వుడ్‌నే విదేశీ కంపెనీలు కూడా గిటార్లకు వాడతాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక దీనికి గిరాకీ పెరిగింది. ఇప్పుడు దీని ఎగుమతికీ అంతర్జాతీయ నిబంధనలున్నాయి.

మెట్ల కొలతకు లెక్కల మాస్టారు అక్కరకొచ్చారు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 36.4, అది మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. గుణశ్రేఢి ఎందుకు నేర్చుకోవాలని అడిగిన మా బ్యాచ్ వాళ్లకు ఇదే జవాబు.

పికప్‌లు మాత్రం కొన్నాను. గిటార్ మూడున్నర కిలోలు తూగింది. పనస వల్ల నాదం మారిందా అంటే నా చెవికి తెలియలేదు. కదలని నెక్ విలువ మాత్రం చేతికి తెలిసింది. మనవరాలు తీగ మీటగానే స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దానికి వీధి కుక్కలన్నీ లేచాయి.

ఆ గిటార్‌ని మాస్టారికి చూపించాలనుకున్నాను. ఆయన పోయి పదేళ్లయిందని వాకబు చేశాకే తెలిసింది. మా పదో తరగతి గ్రూపు ఫొటో తీసి చూశాను. ఉపాధ్యాయుల వరసలో ఆయన లేరు. ఆరోజు పిలవలేదో, పాకలోనే ఉండిపోయారో. మేం నలభై మందిలో ఒక్కరికీ ఆ కుర్చీ లోటు కనిపించలేదు.

ఉత్సవానికి గిటార్ తెస్తాను, మనవరాలు వాయిస్తుంది. మీలో ఎవరి దగ్గరైనా క్రాఫ్ట్ మాస్టారి ఫొటో ఉంటే, ఎంత చిన్నదైనా సరే, తీసుకురండి. స్టాఫ్ రూములో మిగతా మాస్టార్ల పక్కన పెడదాం. దాని ఫ్రేముకు కావలసిన టేకు నా దగ్గర ఉంది. ఆరిన కర్రే, ఈసారి వాసన చూశాను.