వెనకబడింది విద్యార్థా? పాఠమా?

కాలేజీలో పాఠం చెప్పడం కూడా నేర్చుకోవలసిన పనే అన్న ఎరుక మన ఉన్నత విద్యలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987 నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. లెక్చరర్లు ఓరియెంటేషన్‌కి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది ప్రమోషన్‌కి పనికొస్తుంది. 2015లో వాటి పేరు మార్చారు, 2023లో మళ్లీ మార్చి మాలవీయ పేరు తగిలించారు. (ఫూలే పేరో అంబేద్కర్ పేరో ఎందుకు తట్టలేదని మేం అడగం, జవాబు తెలుసు గనక.) ఈ కోర్సులతో సంబంధం లేకుండా కొన్నిచోట్ల అధ్యాపకులు తమంత తాము ఒక పుస్తకమో వ్యాసమో పెట్టుకుని, సాయంత్రాలు స్టాఫ్ రూములో కలిసి చదువుకుంటున్నారు. మేం కూడా అట్లా చదువుకుంటున్న వాళ్లమే. మా చదువులో బయటపడిన ఒక చరిత్రను ఇక్కడ చెప్పదలచాం.

ఏ స్టాఫ్ రూములోనైనా ఈ మాట వినబడుతుంది: "ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎందుకు తప్పుతున్నారు?" జవాబులూ తయారుగా ఉంటాయి. పట్టుదల లేదు. బేసిక్స్ లేవు. ఇంట్లో చదువుకున్న వాళ్లు లేరు. పేదరికం. చెప్పేవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లేం కాదు, జాలితోనే చెబుతారు. విశేషమేంటంటే, ఈ నాలుగు జవాబులే, దాదాపు ఇదే వరసలో, 1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు నల్లజాతి విద్యార్థుల గురించి చెప్పారు.

అక్కడ యూరి ట్రైస్మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి ఉండేవాడు. బర్క్‌లీలో మొదటి టర్మ్ కాలిక్యులస్ పూర్తి చేసిన నల్లజాతి విద్యార్థుల్లో పదేళ్ల లెక్క తీస్తే సుమారు 60 శాతానికి డీ గ్రేడో ఎఫ్ గ్రేడో వచ్చింది. ఎందుకని ఆయన అధ్యాపకులను అడిగితే వచ్చినవే పై జవాబులు. ఆయన వాటిని నమ్మి ఊరుకోలేదు. 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా మూలాలున్న విద్యార్థులను ఎంచుకుని, ఏడాదిన్నర పాటు వాళ్లు ఎక్కడ చదువుతున్నారో, ఎట్లా చదువుతున్నారో వెంట ఉండి చూశాడు.

చూస్తే ఆ నాలుగు జవాబులూ నిలబడలేదు. ఈ పిల్లలు తమ స్కూళ్లలో ముందున్న వాళ్లు. వాళ్ల తల్లిదండ్రులు పిల్లల పెద్ద చదువునే కలగని పెంచినవాళ్లు. ప్రవేశ పరీక్షలో మంచి మార్కులున్నవాళ్లు కూడా తప్పుతున్నారు. మరి తేడా ఎక్కడుంది? క్లాసులో గంట పాఠానికి బయట రెండు గంటలు చదవాలని అధ్యాపకులు చెప్పేవారు. నల్లజాతి విద్యార్థులు ఆ మాటను అక్షరాలా పాటించారు. వారానికి ఎనిమిది గంటలు, ఒంటరిగా, గది తలుపేసుకుని చదివారు. 20 మందిలో 18 మంది తోటివాళ్లతో కలిసి ఎన్నడూ చదవలేదు. చైనా విద్యార్థులు అన్ని గంటలూ చదివి, ఆ పైన కలిసి తింటూ, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ, లైబ్రరీలో ఉన్న పాత ప్రశ్నపత్రాలు తీసి చేసుకుంటూ వారానికి 14 గంటల దాకా చదివేవారు. పరీక్షలో ఏమడుగుతారో, తాము ఎక్కడున్నారో వాళ్లకు తెలిసేది. అధ్యాపకుడి మాట తు.చ. తప్పకుండా విన్నవాళ్లు తప్పారు. ఆ మాట చాలదని తెలిసినవాళ్లు గట్టెక్కారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని "ఫలానా జాతి కష్టపడుతుంది, ఫలానా జాతి పడదు" అని తిప్పి చెప్పేవాళ్లుంటారు. మన దగ్గరా ఉన్నారు. సంగతి అది కాదు. చదువు చెప్పేవాళ్లు పైకి చెప్పని నియమాలు కొన్నుంటాయి. అవి కొందరికి ఇంట్లోనే, అన్నల దగ్గరా అక్కల దగ్గరా అందుతాయి. ఊరి హాస్టల్ నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన మాదిగ పిల్లకు సీనియర్ల నోట్సు ఎవరిస్తారు? వైవాలో ఏమడుగుతారో ఎవరు చెబుతారు? ఆ పిల్ల సిలబస్‌ను నమ్ముకుంటుంది. నమ్ముకున్నందుకే దెబ్బ తింటుంది.

ట్రైస్మన్ చేసిన రెండో పని మాకు ఇంకా ముఖ్యం. రెమిడియల్ క్లాసులు అప్పటికే ఉన్నాయి. "నువ్వు బలహీనుడివి" అని నుదుట రాసి కూచోబెట్టే క్లాసులోకి ఆత్మాభిమానం ఉన్న పిల్ల రాదు. అందుకని 1978లో ఆయన దానికి తలకిందులుగా వర్క్‌షాపు మొదలుపెట్టాడు. తేలిక లెక్కలు కాదు, మామూలు క్లాసులో ఇచ్చేవాటికన్నా కష్టమైనవి ఇచ్చి, గుంపులుగా కూచోబెట్టి, వాదించుకోనిచ్చాడు. అందులో చేరిన నల్లజాతి, లాటినో విద్యార్థులు, చేరని తమవాళ్లనే కాదు, తెల్ల, ఆసియా విద్యార్థులను సైతం దాటారు. పిల్లలు వాళ్లే, సిలబస్ అదే. ఈ కథను ఆయన 1992లో ఒక గణిత పత్రికలో వివరంగా రాశాడు. మన కాలేజీల్లో యూజీసీ డబ్బుతో నడిచిన రెమిడియల్ కోచింగ్‌ను వద్దనడం లేదు. దాని పేరు, దాని టైము, దానికి ఎవర్ని పంపుతున్నారు, ఇవి చూడమంటున్నాం.

అయితే బర్క్‌లీ దగ్గరే ఆగితే మనకు సగమే దొరుకుతుంది. మన స్టాఫ్ రూముకు దాని చరిత్ర దానికుంది. 1918 నవంబరులో డాక్టర్ అంబేద్కర్ బొంబాయి సిడెన్హాం కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరి, 1920 మార్చి దాకా పనిచేశారు. మొదట పట్టించుకోని విద్యార్థులు తర్వాత శ్రద్ధగా విన్నారు, ఇతర కాలేజీల వాళ్లు కూడా వచ్చి కూచునేవారు. ఎవరి కొలతలో చూసినా అది మంచి బోధనే గదా! అయినా ఆచార్యులకుంచిన కుండలో నీళ్లు ఆయన తాగడానికి వీల్లేదని తోటి ఆచార్యులు కొందరు అడ్డుపడ్డారు. మంచి బోధన గురించిన పుస్తకాలు ఈ కుండ గురించి మాట్లాడవు. అవి పుట్టిన చోట ఆ కుండ లేదు.

అదే అంబేద్కర్ 1927లో బొంబాయి శాసనమండలిలో విశ్వవిద్యాలయ చట్ట సవరణ మీద మాట్లాడుతూ, తెలివి ఉండీ డబ్బు లేకనో మరో అడ్డంకి వల్లనో చదువు అందని వాళ్లకు దాన్ని అందించే యంత్రాంగమే విశ్వవిద్యాలయమని వాదించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాదులో తర్వాత మిళింద్ అని పేరు పడ్డ కాలేజీ ఆ వాదం నుంచి లేచినవే. ఎనభై ఏళ్ల తర్వాత, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక చూడండి. అధ్యాపకుల సాయం అందలేదనీ, ప్రాక్టికల్స్‌లో, వైవాలో అన్యాయం జరుగుతోందనీ దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పింది అందులో ఉంది. రాతపరీక్షలో పేరు కనబడదు, వైవాలో మనిషి కనబడతాడు.

అందుకే మా బృందం వచ్చే నెల పుస్తకం తీయడం లేదు. గత మూడేళ్ల ఇంటర్నల్ మార్కుల, వైవా మార్కుల రిజిస్టర్లు ముందు పెట్టుకుని, రాతపరీక్ష మార్కులతో పక్కపక్కన చదవబోతున్నాం.