యంత్ర పరిమాణం – కర్మాగార ప్రణాళిక: రామచంద్రాపురం నుంచి చెల్పూరు దాకా

ఉపోద్ఘాతం

కర్మాగారానికి ఎంత స్థలం కావాలి, కప్పు ఎంత ఎత్తున ఉండాలి, ముడిసరుకు ఏ దారిన రావాలి అనే ప్రశ్నలకు సమాధానం చాలావరకు అక్కడ తయారయ్యే వస్తువు రూపకల్పనలోనే ఉంటుంది. తెలంగాణ విద్యుత్ చరిత్రలో ఇందుకు మంచి నిదర్శనం టర్బైన్ – జనరేటర్ యూనిట్ పరిమాణం. ఆ ఒక్క నిర్ణయం యంత్రాలను తయారుచేసిన రామచంద్రాపురం కర్మాగారాన్నీ, యంత్రాలు నిలిచిన చెల్పూరు విద్యుత్కేంద్రాన్నీ ఎలా తీర్చిదిద్దిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

యూనిట్ పరిమాణంలో పెరుగుదల

కొత్తగూడెంలో 1966లో ఉత్పత్తి ప్రారంభించిన తొలి యూనిట్ సామర్థ్యం 60 మెగావాట్లు. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల యూనిట్ వచ్చింది. 1970లలో కొత్తగూడెంలోనే 110 మెగావాట్ల యూనిట్లు నెలకొన్నాయి. జాతీయ తాప విద్యుత్ సంస్థ రామగుండంలో 1983 నుంచి 200, 1988 నుంచి 500 మెగావాట్ల యూనిట్లను నడిపింది. అంటే పాతికేళ్లలోపే యూనిట్ పరిమాణం ఎనిమిది రెట్లు దాటింది. పెద్ద యూనిట్‌లో మెగావాట్‌కయ్యే పెట్టుబడి, సిబ్బంది, బొగ్గు వినియోగం తగ్గడమే ఇందుకు ప్రధాన కారణం.

రామచంద్రాపురం అనుభవం

హైదరాబాదు శివారులోని రామచంద్రాపురంలో చెకోస్లొవేకియా సహకారంతో నెలకొన్న భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం 60, 110 మెగావాట్ల టర్బైన్ల నమూనాలను చేపట్టింది. సోవియట్ సహకారంతో వెలసిన హరిద్వార్ కర్మాగారం 100, 200 మెగావాట్ల నమూనాలను స్వీకరించింది. నమూనా మారితే రోటర్ పొడవు, బరువు మారతాయి. వాటితో పాటు క్రేన్ల సామర్థ్యం, లేతు యంత్రాల పొడవు, పరీక్షా కేంద్రం కొలతలు కూడా మారాలి. దేశం 200, తర్వాత 500 మెగావాట్ల యూనిట్ల వైపు మళ్లినప్పుడు ఆ భారీ టర్బైన్లు హరిద్వార్ వంతయ్యాయి. రామచంద్రాపురం పారిశ్రామిక టర్బైన్లు, కంప్రెసర్లు, గ్యాస్ టర్బైన్లు, బొగ్గును పిండిచేసే బౌల్ మిల్లుల వైపు మళ్లింది. ఒకప్పుడు ఎంచుకున్న నమూనా ఆ కర్మాగారానికి హద్దు గీసింది. వస్తువును మార్చుకోవడం ద్వారానే అది నిలదొక్కుకుంది.

చెల్పూరులో పర్యవసానాలు

గణపురం మండలం చెల్పూరులోని కాకతీయ తాప విద్యుత్కేంద్రంలో 500 మెగావాట్ల తొలి దశ 2010లోనూ, 600 మెగావాట్ల రెండో దశ రాష్ట్ర విభజన తర్వాత 2016లోనూ వినియోగంలోకి వచ్చాయి. భూపాలపల్లి బొగ్గు గనుల సామీప్యం స్థల నిర్ణయానికి ఆధారమైతే, మిగతా ప్రణాళికను యూనిట్ పరిమాణం శాసించింది. 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం ఉండాలన్నది దేశంలో అమలైన నిబంధన. అంతకన్నా చిన్నవైన 200 మెగావాట్ల యూనిట్లకు 220 మీటర్లు సరిపోయేది.

కిలోవాట్ గంటకు సుమారు 0.7 కిలోల బొగ్గు అనుకుంటే, 1100 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 18 వేల టన్నులకు పైగా బొగ్గు కావాలి. అందులో మూడో వంతు బూడిద అనుకున్నా రోజుకు ఆరు వేల టన్నులు. బూడిద చెరువుకు ఎంత భూమి కావాలో, బొగ్గు నిల్వకు ఎంత ఆవరణ విడిచిపెట్టాలో ఈ లెక్కే తేలుస్తుంది. రైలు మార్గం లేని భూపాలపల్లి ప్రాంతంలో ఇంత సరుకు రవాణా భారం రోడ్ల మీదే పడుతుంది. ఆ లారీల దుమ్ము దారి పొడవునా ఉన్న ఇళ్ల మీద, పొలాల మీద వాలుతుంది.

పెద్ద యూనిట్‌కు మరో పర్యవసానం కూడా ఉంది. అది ఆగిపోతే ఒకేసారి 500 లేదా 600 మెగావాట్ల లోటు ఏర్పడుతుంది. చిన్న యూనిట్లయితే ఒకటి ఆగినా మిగిలినవి నడుస్తాయి. పొదుపుతో పాటు ఈ ప్రమాదం కూడా నమూనాలోనే ఇమిడి ఉంది.

ముగింపు

రామచంద్రాపురంలో కార్మికుల నైపుణ్యం ఏ వస్తువు వైపు మళ్లాలో, చెల్పూరులో ఎవరి భూమి బూడిద చెరువు కావాలో యూనిట్ పరిమాణం ఖరారైన నాడే చాలావరకు తేలిపోయింది. స్థల సేకరణ దశలో గ్రామస్థుల అభిప్రాయం అడిగే సరికి ప్రధాన కొలతలు స్థిరపడి ఉంటాయి. కనుక పారిశ్రామిక చరిత్ర రచన భూసేకరణ పత్రాలతో ఆగక, వాటికి ముందే గీసిన యంత్ర నమూనాలను కూడా ఆధారాలుగా పరిశీలించవలసి ఉంది.