ముంగుర్తు వ్యాఖ్యానం

ముంగుర్తు వ్యాఖ్యానం అంటే పాత నిబంధనలోని వ్యక్తులను, సంఘటనలను, ఆచారాలను క్రీస్తులో నెరవేరిన వాటికి ముందస్తు గుర్తులుగా చదివే క్రైస్తవ పద్ధతి. దీని మూలాలు కొత్త నిబంధనలోనే ఉన్నాయి: రోమా 5:14లో ఆదాము, యోహాను 3:14లో ఇత్తడి సర్పం, మత్తయి 12:40లో చేప కడుపులోని యోనా. పస్కా గొర్రెపిల్లను సిలువ మరణానికి గుర్తుగా 2వ శతాబ్దంలో సార్దీస్ మెలితో విస్తారంగా వివరించాడు. ముంగుర్తు చరిత్రలో జరిగిన సంఘటనగానే నిలవాలన్నది అంతియొకయ వ్యాఖ్యాతల పట్టుదల. అలెగ్జాండ్రియాలో ఓరిగెన్ రూపకార్థానికి మరింత చోటిచ్చాడు. ఆచరణలో ఈ హద్దు తరచూ చెరిగిపోయింది.

మధ్యయుగపు ‘బిబ్లియా పౌపెరుమ్’ పుటల్లో క్రీస్తు ఘట్టానికి ఇరువైపులా పాత నిబంధన దృశ్యాలుంటాయి. మెదక్ జిల్లాలో 1924లో ప్రతిష్ఠితమైన మెదక్ కెథడ్రల్ పద్ధతి వేరు. అక్కడి మూడు ప్రధాన రంగుటద్దాల కిటికీల ఇతివృత్తాలు క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం, అంటే ముంగుర్తులు కావు, నెరవేర్పు ఘట్టాలే. చర్చి ఆఫ్ సౌత్ ఇండియా ఆరాధనలో పాత నిబంధన పాఠాన్ని సువార్తతో జతగా చదవడం ఈ అన్వయానికి అవకాశమిస్తుంది.